గంటే కదా అంటుంది మా అమ్మ | సింగపూర్ నుంచి కౌలాలంపూర్ | తెలుగు వ్లాగ్

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? ఈ వీడియో మా అమ్మ కోసం. "అక్క కౌలాలంపూర్‌లో, నువ్వు సింగపూర్‌లో. విమానంలో గంటే కదా, నెలకోసారైనా వెళ్ళి చూసి రావడానికి ఏం వచ్చింది నీకు?" అని ప్రతి ఆదివారం ఫోన్లో ఇదే పాట. అందుకే ఇవాళ గడియారం చూపిస్తూ వెళ్తున్నా. చూడమ్మా.

ఇప్పుడు ఐదున్నర, మీకక్కడ తెల్లవారుజాము మూడు. విమాన దూరం సుమారు 300 కిలోమీటర్లు. మన విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్ళినట్టే, కాకపోతే మధ్యలో దేశం మారుతుంది. టికెట్ 90 సింగపూర్ డాలర్లు పడింది. డాలరుకి 65 వేసుకున్నా 5,850 రూపాయలు. బ్యాగు చెకిన్ చేయాలంటే ఇంకో 25 డాలర్లు అన్నారు. 1,600 ఎందుకు దండగ అని వద్దన్నా. అక్కడే చేశాను తప్పు.

ఇక్కడ సెక్యూరిటీ చెక్ విమానం ఎక్కే గేటు దగ్గర ఉంటుంది. అంటే మొత్తం షాపులన్నీ తిరిగి, కాఫీ తాగి, అన్నీ అయిపోయాయనుకున్నాక అప్పుడు బ్యాగు తెరవమంటారు. నా బ్యాగులో గోంగూర పచ్చడి సీసా. పచ్చడి కూడా వీళ్ళ లెక్కలో ద్రవమే, 100 మిల్లీలీటర్లు దాటకూడదు. ఆ అమ్మాయి సీసాని ఒక పక్కకి వంచింది, నూనె మెల్లగా మూత దాకా జారింది. ఇక నేనేం వాదిస్తాను? అమ్మా, ఈ సంగతి నీకు వీడియోలోనే చెప్తున్నా, ఫోన్లో చెప్పే ధైర్యం లేదు.

విమానం సంగతేముంది, పైకెక్కింది, బెల్టు లైటు ఆరింది, మంచినీళ్ళు తాగేలోపు దిగుతున్నామన్నారు. గాల్లో ఉన్నది ముప్పావు గంట. మనకి 2023 డిసెంబర్ నుంచి మలేషియాకి వీసా అక్కర్లేదు, ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపితే చాలు. లైను మాత్రం ఉంటుంది. ఎయిర్‌పోర్టేమో ఊరికి యాభై కిలోమీటర్ల పైన, సెపాంగ్‌లో. ఎక్స్‌ప్రెస్ రైలు అరగంటలో కేఎల్ సెంట్రల్‌లో దించుతుంది, టికెట్ 55 రింగిట్‌లు. ఇరవైతో లెక్కేసుకోండి, 1,100! ఆ డబ్బుతో బెజవాడ నుంచి హైదరాబాద్ ఏసీ బస్సులో పడుకుని వెళ్ళొచ్చు.

బస్సు లేదా అంటారా, ఉంది. 350 కిలోమీటర్లు, ఐదారు గంటలు. బోర్డర్‌లో సింగపూర్ వైపు ఒకసారి, మలేషియా వైపు ఇంకోసారి దిగి ఎక్కాలి, సామాను మోసుకుంటూ. శుక్రవారం సాయంత్రమైతే ఎప్పుడు చేరతామో దేవుడికే ఎరుక. గంటన్నరలో వెళ్ళే హైస్పీడ్ రైలు వేస్తామని 2013లో రెండు ప్రభుత్వాలూ ప్రకటించాయి, 2021 జనవరి 1న రద్దయిపోయింది. అదే ఉంటే సీసా ఒళ్ళో పెట్టుకుని వెళ్ళేదాన్ని.

ఇదిగో, అక్క వాళ్ళ తలుపు. పన్నెండు పది. ఇంట్లో బయల్దేరి ఆరు గంటల నలభై నిమిషాలు. రేపు సాయంత్రమే మళ్ళీ వెనక్కి. మేమిద్దరం కలిసి ఎనిమిది నెలలైందండీ.

టేబుల్ మీద వేడి అన్నం, పక్కన నెయ్యి, తరిగిన ఉల్లిపాయలు. చెప్పులైనా విప్పలేదు, అడిగేసింది.

"పచ్చడి ఏదే?"