ఎనిమిదో తారీఖున ఆగిపోయే బ్యాచ్ ఫైలు

వేదిక మీది పెద్దలకు, సిక్కోలు చుట్టుపక్కల మండలాల నుంచి వచ్చిన కంప్యూటర్ ఆపరేటర్లకు నమస్కారం. నేరుగా బ్యాచ్ ఫైళ్ళ సంగతికి వస్తాను, అంటే విండోస్ వరసగా నడిపే ఆదేశాలు రాసుకున్న ఫైళ్ళు, మనం స్క్రిప్టు అనేవి.

"ఏటయిందో తెలీదండీ, నల్ల కిటికీ ఇలా వచ్చి అలా పోయింది." ఈ మాట అనేసి విండోస్ మళ్ళీ ఎక్కించేస్తున్నారు. అమ్మా, బాబూ, ఆ పని చెయ్యకండి! డబుల్ క్లిక్ చేస్తే స్క్రిప్టు ఆగిన క్షణానే కిటికీ మూసుకుంటుంది. తప్పేమిటో చెప్పే వాక్యం కూడా దాంతోపాటే పోతుంది. ముందు కమాండ్ ప్రాంప్ట్, అంటే ఆదేశాలు కొట్టే ఆ నల్ల కిటికీని, విడిగా తెరిచి, అక్కడ ఫైలు పేరు కొట్టి నడపండి. అప్పుడు వాక్యం మిగులుతుంది. అయినా మూసుకుపోతోందంటే లోపల ఎక్కడో ఒట్టి 'ఎగ్జిట్' ఉండొచ్చు, దాన్ని 'ఎగ్జిట్ స్లాష్ బి' చెయ్యండి. నడిచే వరుసలను కనబడకుండా దాచే 'ఎకో ఆఫ్' వరుస కాసేపు తీసేస్తే ఎక్కడ ఆగిందో కళ్ళెదుటే కనబడుతుంది.

అడ్మినిస్ట్రేటర్‌గా నడిపితే స్క్రిప్టు విండోస్ సొంత ఫోల్డరైన సిస్టమ్32లో నిలబడి మీ ఫైళ్ళు వెతుకుతుంది. అక్కడేం దొరుకుతాయి? మొదట్లోనే 'సీడీ స్లాష్ డి', తర్వాత కోట్స్ మధ్య పర్సెంటు, టిల్డా, డి, పి, సున్నా రాయండి, స్క్రిప్టు తన సొంత ఫోల్డర్‌కి వచ్చేస్తుంది. 'ఎచ్చెర్ల పాతవి' లాంటి ఖాళీ ఉన్న పేర్లకూ కోట్స్ తప్పనిసరి.

ఇంకా చాలా రాసుకొచ్చాను గానీ, 08 సంగతి చెప్పకుండా ముందుకు కదలలేను. తారీఖు అంకెతో లెక్క వేసి ఫోల్డర్ పేరు కట్టే స్క్రిప్టు ఏడు దాకా నడుస్తుంది. ఎనిమిదిన, తొమ్మిదిన చెడుతుంది, పదిన తనంతట తనే బాగుపడుతుంది. నెల అంకెతో లెక్క వేసేదైతే ఆగస్టు, సెప్టెంబరు రెండు నెలలూ ఇదే గొడవ. వైరస్ అనుకుంటారు, కరెంటు అనుకుంటారు. అవేవీ కావు. లెక్కలు వేసే 'సెట్ స్లాష్ ఏ' ఆదేశం, ముందు సున్నా ఉన్న అంకెను ఆక్టల్‌గా, అంటే ఎనిమిదుల లెక్కలో చదువుతుంది. ఆ లెక్కలో 0 నుంచి 7 దాకానే అంకెలు. 07 చెల్లుతుంది, 08 చెల్లదు. 'ఇన్‌వాలిడ్ నంబర్' అని చెప్పి స్క్రిప్టు ముందుకే పోతుంది, ఆగదు! ఆ చోట ఖాళీ మిగిలి, నాలుగు వరుసల కింద కాపీ దగ్గర కూలుతుంది. మీరేమో కాపీ వరుసను తిడుతుంటారు.

మందు తేలిక. అంకె ముందు 1 అతికించి 100 తీసెయ్యండి. 108లోంచి 100 పోతే 8, 110లోంచి పోతే 10.

ఒక బ్యాచ్ ఫైలు నుంచి ఇంకోటి పిలిస్తే ముందు 'కాల్' ఉండాలి. లేకపోతే పోయినది తిరిగి రాదు, మిగతా వరుసలు నడవవు.

వెనక వరుసల వాళ్ళూ, భోజనాలకు లేవకముందే మీ ఫైలు నోట్‌ప్యాడ్‌లో తెరిచి 'సెట్ స్లాష్ ఏ' ఎక్కడుందో చూడండి. దొరికినవాళ్ళు చెయ్యెత్తండి, నేనే మీ దగ్గరికి వస్తాను.