ఈకలు, గుడ్డు పెంకులు, గంట: కరీబియన్ దీవుల్లో పూజను నేరం చేసిన చట్టాలపై చర్చ

వ్యాఖ్యాత: నమస్కారం. కరీబియన్ దీవుల్లో ఆఫ్రికన్ సంతతి వాళ్ల పూజలు, వైద్యం, ప్రార్థనల మీద బ్రిటిష్ పాలకులు పెట్టిన నిషేధాలు ఈ రోజు మన అంశం. ఆ మంత్ర, వైద్య పద్ధతులను ‘ఒబియా’ అంటారు. జమైకాలో 1898 నాటి ఒబియా చట్టం ఇంకా రద్దు కాలేదు. స్టూడియోలో ఒక చరిత్ర అధ్యాపకురాలు, ఒక న్యాయవాది, ఆఫ్రికన్ సంతతి మతాల మీద పనిచేసే పరిశోధకుడు ఉన్నారు. మేడమ్, ఇదంతా ఎక్కడ మొదలైంది?

అధ్యాపకురాలు: 1760లో, జమైకాలో. ఆ ఏప్రిల్‌లో సెయింట్ మేరీ ప్రాంతంలో టాకీ అనే నాయకుడి వెనక బానిసలు తిరగబడ్డారు. వాళ్లలో చాలామంది ఇప్పటి ఘనా తీరం నుంచి తెచ్చినవాళ్లు. ఒబియా తెలిసినవాళ్లు వాళ్లతో ప్రమాణాలు చేయించారు, గుండు తగలకుండా పొడులిచ్చారు. తిరుగుబాటును అణిచేశాక అదే ఏడాది డిసెంబర్‌లో అక్కడి అసెంబ్లీ చట్టం చేసింది. అందులో వస్తువుల పట్టీ ఉంది: నెత్తురు, ఈకలు, చిలక ముక్కులు, కుక్క పళ్లు, మొసలి పళ్లు, పగిలిన సీసాలు, సమాధి మట్టి, రమ్ము, గుడ్డు పెంకులు. అతీత శక్తి ఉందని చెప్పుకుంటూ వీటిని వాడే బానిస దొరికితే మరణశిక్ష, లేదా ద్వీపాంతరం.

వ్యాఖ్యాత: గుడ్డు పెంకులు, సీసా పెంకులు ఏ పెరట్లోనైనా దొరుకుతాయి కదండీ!

అధ్యాపకురాలు: దొరుకుతాయి. రమ్ము అయితే ఆ చెరకు తోటల్లోనే తయారయ్యేది. అలాంటివి సాక్ష్యంగా నిలబడాలంటే పట్టుబడిన మనిషి ఎవరన్నదే తూకం. ఈ చట్టం బానిసల కోసమే రాసింది. ఆ రోజుల్లో దాన్ని రాసినవాళ్లకు ఒబియా అంటే నిజంగానే భయం. తుపాకీ కంటే ప్రమాణం ఎక్కువమందిని కూడగడుతుందని టాకీ తిరుగుబాటులో కళ్లారా చూశారు.

న్యాయవాది: 1830ల్లో బానిసత్వం పోయింది. ఇక మరణశిక్షలు కుదరవు. అప్పుడు ఇంగ్లండ్‌లోని 1824 వేగ్రెన్సీ చట్టం అచ్చు పనికొచ్చింది. జోస్యం చెప్పి మోసం చేసేవాణ్ని దేశదిమ్మరి కింద జమకట్టి మూడు నెలలు లోపలేసే చట్టం అది. దీవులు ఆ మాటలు తీసుకుని శిక్ష మాత్రం పెంచాయి. ట్రినిడాడ్‌లో 1868 ఆర్డినెన్సు కింద ఆరు నెలల వరకు జైలు, పైగా కొరడా దెబ్బలు. జమైకాలో 1898 చట్టం కింద పన్నెండు నెలల వరకు జైలు, దానితోపాటు లేదా దానికి బదులు దెబ్బలు. ఈ చట్టాల ప్రకారం ఒబియాకు శక్తి లేదు. శక్తి ఉందని నమ్మించడమే నేరం.

వ్యాఖ్యాత: 1898 చట్టంలో ఏముందో కాస్త విడమరిచి చెప్పండి సార్.

న్యాయవాది: నిర్వచనం నుంచి పట్టుకోవాలి. మోసానికో, చట్టవిరుద్ధమైన పనికో, లాభానికో, ఎవరినైనా భయపెట్టడానికో అతీంద్రియ మార్గాలు వాడినా, వాడినట్టు నటించినా నేరమే. ఈ నాలుగింట్లో ఏ ఒక్కటున్నా చాలు. డబ్బు తీసుకుని రోగికి మంత్రం వేస్తే ‘లాభం’ కిందికి వస్తుంది, మోసం చేశాడని రుజువు చెయ్యక్కర్లేదు. రెండోది, ‘ఒబియా సాధనం’. శక్తి ఉందని చెప్పి వాడేది, వాడదలచినది ఏదైనా సాధనమే. 1760 నాటి పట్టీ కూడా పోయింది, ఇక హద్దే లేదు. మూడోది అన్నిటికంటే గట్టి ముడి. అరెస్టు సమయంలో అలాంటి సాధనం ఒంటి మీదో ఇంట్లోనో ఉందని తేలితే, ఆ మనిషి ఒబియా చేస్తున్నట్టే లెక్క. కాదని నిరూపించుకోవాల్సిన భారం ముద్దాయిది.

వ్యాఖ్యాత: పోలీసులు వీళ్లను ఎలా పట్టుకునేవాళ్లు?

అధ్యాపకురాలు: ఎక్కువగా ఎరవేసి. పోలీసులు ఒక మనిషికి గుర్తుపెట్టిన నాణేలిచ్చి పంపుతారు. ‘ఒంట్లో బాగాలేదు, పని దొరకడం లేదు, కోర్టు కేసు గెలవాలి’ అని అతను అడుగుతాడు. అవతలివాడు కొవ్వొత్తి వెలిగించి, సీసాలో ఏదో కలిపి, డబ్బు అందుకుంటాడు. కానిస్టేబుళ్లు అప్పుడు లోపలికొచ్చి నాణేలు, సీసా, పొడులు స్వాధీనం చేసుకుంటారు. నాణేలతో ‘లాభం’ రుజువైంది, సీసాతో ‘సాధనం’ రుజువైంది. ఇక కేసులో ఏం మిగిలింది? ఆ ఎర మనిషికి ఏ నష్టమూ జరగలేదు, అతను ఏదీ నమ్మి రాలేదు. అయినా శిక్ష పడేది.

పరిశోధకుడు: ఇక్కడ మయాల్ సంగతి చెప్పాలి. జమైకాలో ఒబియా వల్ల కలిగిన కీడును విరిచేవాళ్లు మయాల్ వాళ్లు. పాతిపెట్టిన వస్తువులను బహిరంగంగా, పాటలు పాడుతూ తవ్వి తీసేవాళ్లు. 1898 చట్టం ఒక్క వాక్యంతో ఒబియాకూ మయాలిజానికీ ఒకటే అర్థమని తేల్చేసింది. చేతబడి చేసేవాడికీ, దాన్ని తీసేవాడికీ ఒకే సెక్షన్.

వ్యాఖ్యాత: ప్రేక్షకుల తరఫున ఒక అభ్యంతరం. మంత్రాల పేరుతో దోచుకునేవాళ్లు మన దగ్గరా ఉన్నారు. వాళ్లను శిక్షించడం తప్పంటారా?

న్యాయవాది: తప్పనను. కానీ మోసానికి మోసం చట్టం ఉంది. విషం పెడితే హత్య చట్టం ఉంది, బెదిరిస్తే బెదిరింపు చట్టం ఉంది. ఇవన్నీ దీవుల్లో అప్పటికే ఉన్నవే. ఆ చట్టాల కింద నష్టం జరిగిందని ప్రాసిక్యూషన్ రుజువు చెయ్యాలి. ఆ బరువు మొయ్యకుండా శిక్ష వేయించుకోవడానికే ఒబియా చట్టం పనికొచ్చింది.

వ్యాఖ్యాత: ట్రినిడాడ్‌లో ఏకంగా ఒక చర్చినే నిషేధించారు కదా?

పరిశోధకుడు: అవును, షౌటర్లను. ఇప్పుడు స్పిరిచ్యువల్ బాప్టిస్టులంటారు. వాళ్లు బైబిలు చదివే క్రైస్తవులే. ఆరాధనలో ఆఫ్రికన్ పద్ధతులు కలిసి ఉంటాయి. సెయింట్ విన్సెంట్‌లో 1912లో ఇలాంటి ‘షేకర్ల’ మీద నిషేధం వచ్చింది. దాని బాటలోనే ట్రినిడాడ్ 1917 నవంబర్‌లో షౌటర్ల నిషేధ ఆర్డినెన్సు చేసింది. ఇద్దరు కలిసినా సభే, ఇంట్లో అయినా ఆరుబయట అయినా. పాల్గొంటే 50 పౌండ్ల వరకు జరిమానా. అనుమానం ఉంటే పగలైనా రాత్రైనా వారెంటు లేకుండా ఇంట్లోకి వచ్చి, అందరి పేర్లు, చిరునామాలు రాసుకోవచ్చు. తన భూమిలో సభ జరుగుతోందని తెలిస్తే యజమాని స్టేషన్‌లో చెప్పాలి.

న్యాయవాది: ఒక్క మాట. అది షౌటర్ల ఆచారమా కాదా అన్నది మేజిస్ట్రేటు తేలుస్తాడు, ఆ తీర్పే తుది. ‘మేం షౌటర్లం కాదు, మా సంఘం పేరు వేరు’ అన్నా చెల్లదని ఆర్డినెన్సులోనే రాశారు.

వ్యాఖ్యాత: మరి షౌటర్లని ఎలా గుర్తుపట్టేవాళ్లు?

పరిశోధకుడు: తలకు తెల్లగుడ్డ, చేతిలో వెలిగే కొవ్వొత్తి, చేతిలో పూలు, మధ్యమధ్య గంట మోగడం, ఒళ్లు ఊగిపోవడం, అరుపులు, నేల మీద సుద్దతో గీసిన గుర్తులు. అన్నిటికంటే పెద్ద దెబ్బ ‘మోర్నింగ్’ అనే దీక్ష మీద పడింది. దీక్ష తీసుకునేవాళ్లు కళ్లకు పట్టీలు కట్టుకుని, ఒక గదిలో రోజుల తరబడి నేల మీద పడుకుని ప్రార్థిస్తారు. అప్పుడు కలిగే దర్శనాల్లో వచ్చినదాన్ని బట్టి సంఘంలో వాళ్ల బాధ్యత నిర్ణయమవుతుంది. దీక్ష కోసం మనిషిని గదిలో ఉంచడమే నేరమని రాశాక, కొత్తవాళ్లకు ఆ బాధ్యతలు అప్పగించే దారి మూసుకుపోయింది. అడవుల్లో, కొండల్లో దొంగచాటుగా జరుపుకున్నారు. వాళ్ల ఆరాధనా మందిరాల్లో ఇప్పటికీ ఇత్తడి లోటా, పళ్లెం, వాటిలో నీళ్లు, పూలు కనిపిస్తాయి. అవి భారతీయ కూలీల ఇళ్ల నుంచి వెళ్లినవే.

వ్యాఖ్యాత: మనవాళ్ల ప్రస్తావన వచ్చింది కాబట్టి... ఈ చట్టాలు భారతీయుల జోలికి వచ్చాయా?

అధ్యాపకురాలు: వచ్చాయి. కలకత్తా, మద్రాసు రేవుల నుంచి కూలీలతో ఓడలు వెళ్లాయి, మద్రాసు ఓడల్లో తెలుగువాళ్లూ ఉన్నారు. గయానాలో, ట్రినిడాడ్‌లో మంత్రం వేసే, తాయెత్తు కట్టే భారతీయుల మీద కూడా ఒబియా కేసులు పెట్టారు. ఇక హొసే, అంటే అక్కడి మొహర్రం. మన పీర్ల పండుగలాగే హిందువులూ కలిసి చేసేవాళ్లు. ఊరేగింపులు పట్నాల్లోకి రాకూడదని ఆంక్షలు పెట్టి, 1884 అక్టోబర్ 30న ట్రినిడాడ్‌లోని శాన్ ఫెర్నాండోలో జనం మీద కాల్పులు జరిపారు. అదే ఏడాది ఆఫ్రికన్ సంతతి వాళ్ల కార్నివాల్ డప్పులు, దివిటీల మీద కూడా కట్టడి వచ్చింది.

వ్యాఖ్యాత: ఏవేవి రద్దయ్యాయి?

పరిశోధకుడు: స్పిరిచ్యువల్ బాప్టిస్టుల నాయకుడు ఎల్టన్ గ్రిఫిత్ నడిపిన సుదీర్ఘ పోరాటంతో షౌటర్ల ఆర్డినెన్సు 1951 మార్చి 30న రద్దయింది. ట్రినిడాడ్ ప్రధాని బాస్‌దేవ్ పాండే ప్రభుత్వం 1996 నుంచి ఆ రోజును జాతీయ సెలవు చేసింది. సెయింట్ విన్సెంట్ నిషేధం 1965లో పోయింది.

న్యాయవాది: ఒబియా నేరాన్ని ఆంగ్విల్లా 1980లో, బార్బడోస్ 1998లో, ట్రినిడాడ్ 2000లో, సెయింట్ లూసియా 2004లో తీసేశాయి. గయానాలో అప్పటి ప్రధాని ఫోర్బ్స్ బర్న్‌హామ్ 1973లో తీసేస్తామని ప్రకటించినా చట్టాల పుస్తకంలో సెక్షన్ మిగిలింది. జమైకా 2013లో కొరడా శిక్షను ఎత్తేసింది కానీ ఒబియా నేరం అలాగే ఉంది.

వ్యాఖ్యాత: జైలుకు బదులు జరిమానా పెడితే చాలదా? ఆ ఆలోచన జమైకాలో వచ్చింది కదా?

న్యాయవాది: చాలదు. నిర్వచనం అదే, నిరూపణ భారం ముద్దాయి మీదే. 1962 రాజ్యాంగం పాత చట్టాలకు రక్షణ ఇచ్చింది, అందుకే కోర్టుకెళ్లడం కష్టమైంది. 2011లో వచ్చిన హక్కుల పత్రం ఆ రక్షణను కొన్ని విషయాలకే కుదించింది, వాటిలో ఒబియా లేదు. మత స్వేచ్ఛ, సమానత్వం ఆధారంగా ఇప్పుడు సవాలు చేసే దారి ఉంది. పార్లమెంటు ఆ కేసు కోసం ఎదురుచూడక్కర్లేదు. చట్టాన్ని మొత్తంగా రద్దు చేసి, దాని కింద పడ్డ పాత శిక్షలను కూడా కొట్టెయ్యాలి.