పిల్లలు వేసిన ముగ్గుని తుడవకండి

"మా పాపకి కాన్ఫిడెన్స్ తక్కువండీ, అందుకే రోజూ నువ్వు సూపర్, నువ్వు చాలా తెలివైనదానివి అని చెబుతూనే ఉన్నాం." ఈ మాట విన్న ప్రతిసారీ నాకు మనసు చివుక్కుమంటుంది. చెప్పేవాళ్ల ప్రేమని నేను అనుమానించను, కానీ ఆ మాటతోనే పిల్లకి టెన్షన్ మొదలవుతుంది.

ఏడేళ్ల పిల్ల వాకిట్లో ఐదు చుక్కల ముగ్గు మొదలుపెట్టింది అనుకోండి. ఆ వయసులో వేళ్ల మధ్య నుంచి పిండి సమంగా జారదు, ఒకచోట కుప్పగా పడుతుంది, ఒకచోట గీత తెగుతుంది, మెలిక తిప్పేచోట చుక్క ఒకటి బయటే ఉండిపోతుంది. అప్పుడు మనం "బంగారుతల్లీ, భలే వేశావే" అంటూనే వంగి, చేత్తో తుడిచేసి, మనమే సరిచేస్తాం. నోరు ఒకటి చెప్పింది, చెయ్యి ఇంకొకటి చెప్పింది. పిల్ల చేతినే నమ్ముతుంది.

ఆల్బర్ట్ బందూరా అనే సైకాలజిస్టు 1977లోనే చెప్పాడు: నేను చేయగలను అన్న నమ్మకం అన్నిటికన్నా గట్టిగా వచ్చేది స్వయంగా చేసి చూసిన అనుభవం నుంచే. ఎదుటివాళ్ల మాటల బలం దాని తర్వాతే.

సరే, పొగిడితే నష్టమేంటి అంటారా? 1998లో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ అమెరికాలో ఐదో తరగతి పిల్లలకి పజిల్స్ ఇచ్చి, అయ్యాక కొందరిని తెలివైనవాళ్లని, కొందరిని బాగా కష్టపడ్డారని మెచ్చుకున్నారు. తర్వాత చాలా కష్టమైనవి ఇచ్చి, ఈసారి బాగా చేయలేదని చెప్పారు. మూడోసారి మళ్లీ మొదటివాటిలాంటివే ఇస్తే, తెలివైనవాళ్లు అనిపించుకున్న పిల్లలకి మార్కులు తగ్గాయి, కష్టపడ్డారు అనిపించుకున్నవాళ్లకి పెరిగాయి. అదే పరిశోధనలో, మీ మార్కులు వేరే పిల్లలకి రాసి చెప్పండి అంటే, తెలివికి మెప్పు పొందినవాళ్లలో 38 శాతం మంది అబద్ధం రాశారు. ముక్కూమొహం తెలియని పిల్లల ముందు కూడా పరువు పోతుందని అంత భయం! నాకు ఇక్కడే బాధేస్తుంది.

మన ముగ్గు పిల్ల కూడా అంతే, తెలివైనది అన్న పేరు వచ్చాక ఏడు చుక్కలు పెట్టడానికి చెయ్యి రాదు, తప్పు వస్తే ఆ పేరు కూడా పోతుందని వచ్చిన ఐదు చుక్కలే రోజూ వేస్తుంది.

అలాగని ఊరికే "కష్టపడ్డావ్" అన్నా లాభం లేదు, కళ్లతో చూసింది చెప్పండి: "నిన్న ఈ మెలిక దగ్గర తెగింది, ఇవాళ చెయ్యి ఆపకుండా తిప్పావు."

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా. పరీక్ష పేపర్ చూడగానే ఎన్ని పోయాయని కాకుండా ఏది అర్థం కాలేదో అడగండి. పక్కింటి పిల్లతో పోల్చకండి. మీకు కూర మాడినప్పుడు, దారి తప్పినప్పుడు "నాదే తప్పు, మళ్లీ చూస్తా" అని వాళ్లు వినేలా అనండి. అన్నట్టు ముగ్గు ఆడపిల్లలకే అనుకోకండి, అబ్బాయిల చేతికీ ఇవ్వండి.

రేపు పొద్దున వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లాక, పిండి గిన్నె పిల్లల చేతికిచ్చి మీరు లోపలికి వెళ్లిపోండి.