ఉద్యోగం మానేసినా ఈఎస్ఐ కార్డు పారేయకండి

శ్రోతలందరికీ నమస్కారం.

మా బావ పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీలో కాంట్రాక్టు మీద పనిచేసేవాడు. అక్టోబరు మొదటివారంలో మానేశాడు. ఫిబ్రవరిలో మా అప్పకు ప్రైవేటు ఆస్పత్రిలో సిజేరియన్ అయింది. బిల్లు కట్టడానికి అప్ప మెడలో గొలుసు తాకట్టు పెట్టారు. బావ ఈఎస్ఐ కార్డు, అంటే కార్మికులకు వైద్యం అందించే ప్రభుత్వ బీమా కార్డు, అప్పుడు బీరువాలో, ప్లాస్టిక్ కవరులో, భద్రంగానే ఉంది. పనే మానేశాక కార్డెందుకు పనికొస్తుందనుకున్నాడు. అది జూన్ 30 దాకా చెల్లుతుందని ఎవరూ చెప్పలేదు. నాకూ తెలియదు. ఆ బాధ ఇంకా ఉంది.

లెక్క ఇదీ. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా కనీసం 78 రోజులకు ఈఎస్ఐ కట్టి ఉంటే, వచ్చే ఏడాది జనవరి నుంచి జూన్ ఆఖరు వరకు వైద్యం అందుతుంది. అక్టోబరు నుంచి మార్చి దాకా కట్టినదానికి జులై నుంచి డిసెంబరు. మధ్యలో పని మానేసినా ఆ హక్కు పోదు, భార్యాబిడ్డలకూ వర్తిస్తుంది. నూటికి ముప్పావు రూపాయి మన జీతంలోంచి పోతుంది, మూడూ పావు యజమాని కడతాడు. కాంట్రాక్టు పనివాళ్లు మాత్రం ఒక్క పని చేయండి. జీతంలో కోశారు సరే, నిజంగా జమ చేశారా? మీ ఇన్సూరెన్స్ నంబరుతో ఈఎస్ఐ పోర్టల్లో చూసుకోండి.

నెలజీతం 21 వేలు దాటి ఈఎస్ఐ లేనివాళ్లకు సాధారణంగా కంపెనీ గ్రూపు ఆరోగ్య బీమా పాలసీ ఉంటుంది. అది చాలాచోట్ల ఆఖరి పనిరోజుతోనే ఆగిపోతుంది. అందుకే నోటీసు పీరియడ్‌లోనే, అదే బీమా కంపెనీలో సొంత పాలసీకి మారతామని రాసివ్వండి. ఆరోగ్య వివరాలు చూశాకే ఇస్తారు గానీ, ఇస్తే గ్రూపులో గడిచిన ఏళ్లు వెయిటింగ్ పీరియడ్‌లో, అంటే పాత జబ్బులకు బీమా వర్తించేదాకా ఆగాల్సిన గడువులో, కలుస్తాయి. మధ్యలో ఖాళీ వదిలి కొత్తగా తీసుకుంటే, షుగరు, బీపీ లాంటి పాత జబ్బులకు మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు.

నెల్లిమర్ల జూట్‌మిల్లులాంటి చోట్ల పనిచేసి రిటైరైన పెద్దలకు ఒక మాట. కనీసం ఐదేళ్లు ఈఎస్ఐలో ఉండి, వయసు నిండి రిటైరైతే, ఏడాదికి 120 రూపాయలు కడితే చాలు, భార్యాభర్తలిద్దరికీ వైద్యం అందుతుంది. అంటే నెలకు పది రూపాయలు! రిటైర్మెంటు కాగితం, పాత కార్డు పట్టుకుని ఈఎస్ఐ ఆఫీసుకు వెళ్లండి. వెంట ఇంట్లో చదువుకున్న పిల్లల్ని ఒకర్ని తీసుకెళ్లండి.