పూర్తి లోడు పడకముందే జనరేటర్ బండి ఎందుకు ట్రిప్పవుతుంది?

[తెర మీద: మూడు రాళ్ల పొయ్యి, దాని మీద సాంబారు గుండిగ]

పెళ్లి పందిట్లో సరిగ్గా జీలకర్ర బెల్లం టైముకి కరెంటు పోయిందనుకోండి. అందరి నోటా ఒకటే మాట: "బండి చిన్నది తెచ్చారు, 125 కేవీఏ తేవాల్సింది." వచ్చే పెళ్లికి నిజంగానే 125 తెస్తారు, డీజిలు ఖర్చు పెరుగుతుంది, కరెంటు మాత్రం మళ్లీ పోతుంది. ఈ మాట విన్నప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది. చాలా పందిళ్లలో బండి సరిపోయేదే ఉంటుంది, లోడంతా తీసుకెళ్లి ఒకే ఫేజుకి, అంటే బండి నుంచి వచ్చే మూడు కరెంటు లైన్లలో ఒక్కదానికే తగిలిస్తారు.

ఈ గుండిగ చూడండి. బరువు మూడు రాళ్ల మీద ఉంది. ఒక రాయి కిందే నేల కుంగితే సాంబారు అటే ఒలుకుతుంది. మిగతా రెండు రాళ్లు ఎంత గట్టివైనా ఆ ఒలకడం ఆగదు. జనరేటర్లో ఆర్, వై, బీ ఫేజులు ఆ మూడు రాళ్లు.

లెక్కలోకి వద్దాం. 62.5 కేవీఏ బండి, 415 వోల్టులు. ఫేజుకి 87 ఆంపియర్లు వస్తుంది, మెయిన్ ఎంసీసీబీ, అంటే కరెంటు మితిమీరితే దానంతటదే దిగిపోయే పెద్ద బ్రేకర్, సాధారణంగా 100 ఆంపియర్లది ఉంటుంది. మూడు ఫేజులూ కలిపి చూస్తే 261. ఈ 261 చూసే మోసపోతారు. 87 దాటిన రాయికి పక్క రాయి సాయం రాదు.

ఇప్పుడు ఓ మోస్తరు పెళ్లి లోడు. ఒకటిన్నర టన్ను ఏసీలు నాలుగు, ఒక్కోటి 8 ఆంపియర్లు, మొత్తం 32. కాఫీ, వేడినీళ్లకి 3 కిలోవాట్ల బాయిలర్లు రెండు, 25. ఫోకస్ లైట్లు 16. ఎల్ఈడీ వాల్ 15. భోజనాల దగ్గర పెద్ద ఫ్యాన్లు 14. సౌండ్ 12. డైనింగ్ లైట్లు 8. పెళ్లికూతురు, పెళ్లికొడుకు గదులు 7. గేటు దగ్గర సీరియల్ సెట్లు 6. మొత్తం 135. అంటే బండి దాదాపు సగం ఖాళీ.

కానీ పందిట్లో జరిగేది ఇది. బండికి దగ్గర్లో ఉన్న బోర్డుకే ఏసీలు, బాయిలర్లు, ఫోకస్‌లు, గదులు తగిలిస్తారు. ఆర్ ఫేజు 80. వాల్, సౌండ్, డైనింగ్ లైట్లు, సీరియల్ సెట్లు వై మీద, 41. బీ మీద ఫ్యాన్లు మాత్రమే, 14. ముహూర్తానికి ముందు ఇంకో రెండు ఏసీలు, రెండు బాయిలర్లు అదే బోర్డులో పెడతారు. ఆర్ 121కి చేరుతుంది. ఎంసీసీబీ లోపలి థర్మల్ పట్టీ కాసేపు వేడెక్కి బ్రేకర్‌ని దించేస్తుంది. బండి మూసిన డబ్బాలో ఉంటే ఆ వేడికి ఇంకా ముందే దిగుతుంది. బీ ఫేజులో అప్పటికీ 73 ఆంపియర్లు ఖాళీగా ఉంటాయి.

ట్రిప్ కాకముందు కూడా ఒక ఇబ్బంది ఉంది, నాకు అసలు కోపం వచ్చేది ఇక్కడే. ఆర్ మీద బరువెక్కి లైట్లు మందగిస్తాయి. ఆపరేటర్ వెళ్లి వోల్టేజి నాబ్ తిప్పేస్తాడు. ఆర్ 210 నుంచి 230కి వస్తే, 245 దగ్గరున్న బీ 265 దాటుతుంది. ఒక రాయి కుంగిందని పొయ్యి మొత్తాన్ని ఎత్తి పట్టుకున్నట్టు. చాలా సెట్లలో వోల్టేజిని నిలకడగా ఉంచే ఏవీఆర్ రెండు లైన్ల మధ్య వోల్టేజినే చూసుకుంటుంది, ఏ ఫేజు కుంగిందో దానికి తెలియదు. నాబ్ ముట్టుకోకండి, లోడు మార్చండి.

మళ్లీ అదే 135 ఆంపియర్లు, ఇలా పంచండి. ఆర్ మీద రెండు ఏసీలు, ఒక బాయిలర్, ఫోకస్‌లు: 44.5. వై మీద రెండు ఏసీలు, వాల్, గదులు, సీరియల్ సెట్లు: 44. బీ మీద ఒక బాయిలర్, ఫ్యాన్లు, సౌండ్, డైనింగ్ లైట్లు: 46.5. సౌండ్‌ని ఏసీలు లేని ఫేజులో ఉంచాను చూడండి. కంప్రెసర్ స్టార్టయ్యేటప్పుడు మామూలు కరెంటుకి ఐదారు రెట్లు లాగుతుంది, ఆ దెబ్బకి అదే ఫేజు మీదున్న సౌండ్ మిక్సర్ రీసెట్ అయ్యే ప్రమాదం ఉంది. పెద్ద లోడ్లు ముందు పంచుకోవాలి, చిన్నవాటితో చివర్లో సరిచేసుకోవాలి. ఒకే టైములో నడిచేవాటిని విడదీయాలి. అర్ధరాత్రి ఆగిపోయే సౌండ్‌నీ, తెల్లవారుజామున మొదలయ్యే బాయిలర్‌నీ ఒకే ఫేజు మీద పెట్టినా ఇబ్బంది లేదు.

[తెర మీద: న్యూట్రల్ లగ్ దగ్గరి దృశ్యం]

ఇక న్యూట్రల్, అంటే మూడు ఫేజుల కరెంటూ తిరిగొచ్చే ఉమ్మడి వైరు. మూడు రాళ్లూ నిలబడ్డ నేల అనుకోండి. పాత పద్ధతిలో 80, 41, 14 ఉన్నప్పుడు న్యూట్రల్లో దాదాపు 57 ఆంపియర్లు నడుస్తుంది. పంచాక 3 లోపే. ఎల్ఈడీ డ్రైవర్లు, అంటే ఎల్ఈడీలకి కరెంటు ఇచ్చే సర్క్యూట్లు ఎక్కువుంటే మూడో హార్మోనిక్ అనే అదనపు కరెంటు న్యూట్రల్లో కూడుకుంటుంది, సమంగా పంచినా సున్నా కాదు. అందుకే ఈ పనికి మూడున్నర కోర్ (లోపలి వైర్ల) కేబుల్ వద్దు, అందులో న్యూట్రల్ సగం సైజే. పూర్తి నాలుగు కోర్లది వాడండి.

ఈ లగ్, అంటే వైరు చివర బోల్టుకి బిగించే తొడుగు, చూడండి. పోగులు సగం బయటికున్నాయి, బోల్టు కింద రాగి ఊదారంగుకి తిరిగింది, ఇన్సులేషన్ గట్టిపడి గోరుతో గీకితే పెళుసుగా రాలుతోంది. ఇది రేపో మాపో తెగుతుంది. తెగితే నేలే పోయినట్టు. ఒక ఫేజు మీద 1000 వాట్ల హాలోజన్ లైట్లు, ఇంకో ఫేజు మీద 4000 వాట్ల హీటర్ ఉన్నాయనుకోండి, రెండూ 415 మధ్య వరసలో పడతాయి. హీటర్‌కి 83 వోల్టులు, లైట్లకి 332. తక్కువ లోడున్న ఫేజే మాడిపోతుంది. అక్కడ ఎల్ఈడీ వాల్ ఉంటే అయిపోయినట్టే. కాబట్టి జనరేటర్ టెర్మినల్ నుంచి చివరి బోర్డు దాకా న్యూట్రల్ బిగింపు ముందుగా చూడాలి. చుట్టి టేపు వేసిన జాయింట్లు అస్సలు వద్దు. లోడుంటే న్యూట్రల్ ముట్టుకోవద్దు.

టైము అయిపోతోంది, మిగతావి త్వరగా. త్రీ ఫేజు మోటార్లు, అంటే నీళ్ల పంపు, పెద్ద గ్రైండర్ ఉంటే వోల్టేజి తేడా 3 శాతం వచ్చినా మోటారు కరెంట్లో తేడా అంతకు ఆరు నుంచి పది రెట్లు ఉంటుంది. వైండింగ్ కాలేది దానివల్లే. బండి టైర్ల మీద ఉంటుంది కాబట్టి బాడీకి విడిగా ఎర్త్ రాడ్ దింపాలి, న్యూట్రల్‌కి వేరే రాడ్. వంటశాల బోర్డుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్సీసీబీ, అంటే కరెంటు లీకైతే ఆపేసే స్విచ్, తప్పనిసరి. లోడు ఒక ఫేజు నుంచి ఇంకోదానికి మార్చేటప్పుడు ఆ లైను ఎంసీబీ (చిన్న బ్రేకర్) దించి, టెస్టర్‌తో చూసి, అప్పుడే వైరు ముట్టుకోండి.

కొలత: క్లాంప్ మీటరు దవడ ఒక్క కేబుల్‌కే పట్టాలి, నాలుగు కోర్లూ కలిపి పడితే సున్నాయే చూపిస్తుంది. మూడు ఫేజులు, న్యూట్రల్, నాలుగు అంకెలూ రాసుకోండి. లోడు అంతా ఎక్కాక ఒకసారి, ముహూర్తానికి గంట ముందు ఒకసారి. ఫేజుల మధ్య తేడా 10 శాతం దాటితే చిన్న లోడు ఒకటి జరపండి. ప్రతి బోర్డు మీదా టేపు అంటించి ఆర్, వై, బీ, ఇంకా ఎన్ని ఆంపియర్లు ఖాళీ ఉన్నాయో మార్కరుతో రాయండి. రాత్రి పదింటికి డెకరేషన్ వాళ్లు ఇంకో రెండు ఫోకస్‌లు తెచ్చినప్పుడు వాళ్లకి కనపడేది ఆ టేపు మాత్రమే.