నెల సరుకుల బడ్జెట్ ఎందుకు నిలవదు? నూనె సీసాతో లెక్క

నమస్కారమండి.

శ్రీకాకుళంలో గానీ, విజయనగరంలో గానీ, ఏ ఇంట్లో నెల సరుకుల మాట ఎత్తినా ఒకటే జవాబు: "ఎంత రాసుకున్నా ఇరవయ్యో తారీఖుకే డబ్బులు అయిపోతున్నాయి, ధరలు అలా ఉన్నాయి మరి." ధరలు పెరిగిన మాట నిజమే. కానీ తప్పంతా ధరల మీదే నెట్టేస్తే నాకు మింగుడు పడదు. ఎందుకంటే ఆ వెంటనే ఇంకో ప్రశ్న అడగండి. మీ ఇంట్లో నెలకి నూనె ఎన్ని లీటర్లు అవుతుంది? "మూడో, నాలుగో ప్యాకెట్లు" అంటారు. మూడుకీ నాలుగుకీ తేడా 33 శాతమండి. నూనె ధర ఒక్క నెలలో 33 శాతం పెరిగితే వీధంతా అదే మాట్లాడుకుంటాం. వాడకం అంత పెరిగితే మాత్రం పక్క గదిలో ఉన్నవాళ్లకి కూడా తెలీదు.

ఖర్చు అంటే ధరని కొలతతో హెచ్చవేస్తే వచ్చేది. ధర మన చేతిలో లేదు, కొలత ఉంది. చాలామంది రాసుకునే బడ్జెట్‌లో కొలతే ఉండదు. "ఈ నెల ఎనిమిది వేలు దాటకూడదు" అని కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అతికిస్తే ఎనిమిది వేల దగ్గర ఆగిపోదు.

[తెరపై: లీటరు పట్టే గాజు సీసా, పక్కన 5 లీటర్ల నూనె డబ్బా]

ఈ సీసాతో మొదలుపెడదాం. ఇద్దరు పెద్దలు, బడికెళ్లే ఇద్దరు పిల్లలు ఉన్న ఇల్లు అనుకోండి. నలుగురు, 30 రోజులు, అంటే 120 మనిషిరోజులు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ మళ్లీ వస్తుంది. నెలకి 3 లీటర్ల నూనె పెట్టుకున్నారు. 3000 మిల్లీలీటర్లని 120తో భాగిస్తే మనిషికి రోజుకి 25. రోజూ పప్పు పోపు, కూర తాలింపు, వారంలో రెండు పూటల అట్లు, ఆదివారం ఒక వేపుడు, వీటన్నిటికీ ఇది సరిపోతుంది. రోజూ వేపుడు, సాయంత్రం బజ్జీలు అయితే సరిపోదు. అలాంటి ఇల్లయితే 4 లీటర్లని ముందే రాసుకోండి. మూడని రాసుకుని నాలుగు వాడితేనే చిక్కు.

ఇప్పుడు ప్రతి సోమవారం ఉదయం ఈ సీసాలోకి 700 మిల్లీలీటర్లు పోయండి. నాలుగు వారాలకి 2800. మిగిలిన 200 చివరి రెండు రోజులకి. 31 రోజుల నెలైతే ఇంకో 100 కలపండి. సీసా మీద మార్కర్‌తో 400 దగ్గర ఒక గీత పెట్టండి. గురువారం ఉదయానికి నూనె ఆ గీత దగ్గర ఉండాలి. దిగువకి పోయిందా, ఆ వారం వంకాయ వేపుడు మానేసి పులుసు పెట్టండి. అంతే. నెలాఖరున కూర్చుని కంగారు పడే లెక్క గురువారం నాడే తేలిపోతుంది. మూడు రోజుల్లో జరిగిన తప్పుని నాలుగు రోజుల్లో సర్దుకోవచ్చు. ఇరవై రోజుల తప్పుని పది రోజుల్లో సర్దాలంటే పిల్లల కంచాల్లో కోత పెట్టాలి.

5 లీటర్ల డబ్బా చవకని కొంటారు కదా. కొనండి, లీటరుకి నిజంగా తగ్గితే. కానీ డబ్బాలోంచి నేరుగా మూకుట్లోకి వంపకండి. లోపల ఎంత ఉందో కనబడదు, బరువుగా ఉన్నన్నాళ్లూ చెయ్యి ధారాళంగా వంపుతుంది. లీటరుకి ఐదు రూపాయలు మిగిల్చుకుని, నెలకి అర లీటరు ఎక్కువ వాడే ఇళ్లు బోలెడు. డబ్బాలోంచి సీసాకి, సీసాలోంచి మూకుడికి. వేపుడుకి పోసిన నూనె మిగిలితే వడకట్టి ఒకటి రెండు రోజుల్లో తాలింపులకి వాడేయండి, దాన్నే పదేపదే మరిగించకండి.

ప్యాకెట్ కొనేటప్పుడు ఇంకో మోసపోయే చోటు ఉంది. లీటరు నూనె బరువు సుమారు 910 గ్రాములు. షెల్ఫులో పక్కనే అదే ఎత్తు, అదే వెడల్పు ప్యాకెట్ ఉంటుంది, మీద చిన్న అక్షరాల్లో 840 గ్రాములనో, 800 అనో ఉంటుంది. లెక్క కోసం 910 గ్రాములది 150 రూపాయలు, 840 గ్రాములది 142 రూపాయలు అనుకోండి. చేయి ఎనిమిది రూపాయలు తక్కువున్న దాని మీదకే పోతుంది. గ్రాముకి చూస్తే మొదటిది 16 పైసల పైచిలుకు, రెండోది దాదాపు 17 పైసలు. రూపాయిల్లో నష్టం చిన్నదే. అసలు నష్టం ఏంటంటే, ఆ ప్యాకెట్‌ని మీరు లీటరు అనుకుని లెక్కేసుకుంటారు, అది అనుకున్న రోజుకన్నా ముందే అడుగంటుతుంది. ఈ లెక్క మీరు వెయ్యక్కర్లేదు కూడా. 2021లో సవరించిన తూనికలు కొలతల నియమాల ప్రకారం ప్యాకెట్ మీద ఎమ్మార్పీతో పాటు యూనిట్ ధర కూడా వెయ్యాలి. కిలో లోపు ప్యాకెట్లకి గ్రాముకి ఎంతో, కిలో దాటితే కిలోకి ఎంతో. ఎమ్మార్పీ పక్కనే ఉంటుంది, వెతికి చూడండి. పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవకే అన్న నమ్మకం కూడా అక్కడే తేలిపోతుంది. షాంపూ లాంటి వాటిల్లో చాలాసార్లు చిన్న ప్యాకెట్టే మిల్లీలీటరుకి తక్కువ పడుతుంది.

సరే, ఈ సీసా లెక్కనే బియ్యానికి పెడదాం.

[తెరపై: స్టీలు గ్లాసు, తూకం]

మీరు రోజూ బియ్యం కొలిచే గ్లాసుని ఒక్కసారి తూకం వేయించండి. ఇంట్లో తూకం లేకపోతే కొట్టులో అడగండి, కాదనరు. గ్లాసుకి 180 గ్రాములు పట్టిందనుకోండి. మధ్యాహ్నం రెండున్నర, రాత్రి రెండు గ్లాసులు పోస్తే రోజుకి 810 గ్రాములు, 30 రోజులకి 24 కిలోల 300. 26 కిలోల బస్తా నెలకి సరిపోయి కాస్త మిగలాలి. మిగలకపోతే కొన్ని పూటలు లెక్క దాటి పోస్తున్నారన్నమాట, లేదా గ్లాసు అంచు పైకి గుట్టగా, తలకట్టుగా పోస్తున్నారు. తలకట్టుకీ, చేత్తో రాసి సమం చేసినదానికీ గ్లాసుకి ఇరవై గ్రాములు తేడా వచ్చినా నెలకి రెండున్నర కిలోలు దాటిపోతుంది.

బస్తా 26 కిలోలు ఎందుకు అంటారా? 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ పడింది. అది దాటితే పడదు, అందుకని మిల్లులు ఒక కిలో కలిపాయి. కాబట్టి రెండు కొట్ల ధరలు పోల్చేటప్పుడు ఒకటి 25, ఒకటి 26 కాదు కదా అని చూసుకుని, కిలోకి ఎంతో తేల్చుకోండి. ఇంకో మాట. సన్నబియ్యం అంటే సోనామసూరే అక్కర్లేదు. శ్రీకాకుళం దగ్గరి రాగోలు వ్యవసాయ పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన శ్రీకాకుళం సన్నాలు మన నేల రకం, దొరికితే అన్నానికి చక్కగా ఉంటాయి. ఏ రకమైనా పాతవి తీసుకోండి. నవంబరు, డిసెంబరులో కోసిన కొత్త బియ్యం సంక్రాంతికే వండితే ముద్దవుతుంది, ఒదగదు. ఆరు నెలలు దాటినవి అదే గ్లాసుకి ఎక్కువ అన్నం అవుతాయి.

రేషన్ కార్డుంటే మనిషికి 5 కిలోలు ఉచితం, నలుగురికి 20 కిలోలు. వీటిని కిలోకి పదో పరకో ఇచ్చేవాళ్లకి అమ్మేసి, మళ్లీ కొట్టుకెళ్లి ఇడ్లీ రవ్వ, బియ్యప్పిండి కొంటారు. ఇది చూస్తే నిజంగా బాధగా ఉంటుంది. అమ్మడం నిబంధనలకి విరుద్ధమన్నది అటుంచి, అట్ల పిండికి, పిట్టుకి, బియ్యప్పిండికి, చలికాలం జంతికలకి ఆ బియ్యమే వాడొచ్చు. ఒక గ్లాసు మినపప్పుకి మూడు గ్లాసుల రేషన్ బియ్యం పోస్తే అట్లు బాగా వస్తాయి. కడిగినప్పుడు పైకి తేలే కాస్త వేరుగా కనబడే గింజల్ని ప్లాస్టిక్ అని ఏరి పారేస్తున్నారు. అవి ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి చేసిన ఫోర్టిఫైడ్ గింజలు, వంద కిలోలకి ఒక కిలో చొప్పున కలిపినవి. తినాల్సినవి అవే.

పప్పులూ ఇలాగే. రోజు విడిచి రోజు 200 గ్రాముల కందిపప్పు అయితే నెలకి 3 కిలోలు. మినపప్పు 2, పెసరపప్పు 1. మధ్యలో ఉలవచారు, చోడి (రాగి) అంబలి పెట్టే ఇళ్లకి కందిపప్పు కిలో తగ్గించుకోవచ్చు. మొదటిసారి ఈ కొలతలు తప్పుతాయి, రెండో నెలలో సరిచేయండి. సరుకుల చీటీ రాసే ముందు డబ్బాలు మూతలు తీసి చూడండి. అడుగున అర కిలో శెనగపప్పు ఉండగానే మళ్లీ కిలో రాస్తాం, వానాకాలం పురుగు పట్టి రెండూ పోతాయి.

ఇప్పుడు అసలు చిల్లు. పెద్ద చీటీ అందరూ జాగ్రత్తగానే రాస్తారు. డబ్బు పోయేది అక్కడ కాదు, వీధి చివర కొట్టులో. ఇరవై రూపాయల బిస్కెట్లు, పది రూపాయల కరివేపాకు అల్లం, ముప్పై రూపాయల పెరుగు, ఒక చిప్స్ ప్యాకెట్. ఫోన్‌లో యూపీఐ చరిత్ర తెరిచి, పోయిన నెలలో కొట్లకి వెళ్లిన 200 లోపు చెల్లింపులన్నీ కూడండి. పది నిమిషాల పని. పద్దు పుస్తకం ఉన్నవాళ్లు అందులో చూడండి. పద్దులో ఇంకో చిక్కు, పిల్లాణ్ణి పుస్తకం ఇచ్చి పంపితే ధర అడిగేవాళ్లు ఉండరు, నెలాఖరుకి అంకె మాత్రమే కనబడుతుంది.

దీనికీ సీసా లెక్కే. ఎనిమిది వేలలో, పాలు కాకుండా, ఇలా విడగొట్టండి.

[తెరపై: పెద్ద చీటీ 4,500, వారాలకి 600 చొప్పున 2,400, ఏడాది సరుకుకి 500, చివరి రోజులకి, చుట్టాలకి 600]

కూరగాయలు, గుడ్లు, చేపలు, చిల్లర సరుకులు అన్నీ వారం 600లోంచే. సోమవారం నోట్లుగా తీసి ఒక కవర్లో పెట్టండి. ఫోన్ నుంచి కడితే ఆ సీసాకి గీత ఉండదు, ఎంత మిగిలిందో కనబడదు. గురువారం ఉదయానికి 300 పైన ఉండాలి. రైతుబజార్‌లో బోర్డు మీద ఆ రోజు ధర రాసి ఉంటుంది, అది చూశాకే ఏం వండాలో అనుకోండి. టమాటా మండిపోతున్న వారాల్లో చింతపండు పులుసుకి మారండి, ఆనపకాయ, దోసకాయ, తోటకూర ఉన్నాయి. వారపు సంతలో చీకటి పడే ముందు ఆకుకూరలు తగ్గిస్తారు, కానీ మర్నాటికే వండాలి, చవకని నాలుగు కట్టలు తెస్తే రెండు కుళ్లుతాయి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

చుట్టాలు. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి, చెన్నై నుంచి అందరూ దిగుతారు. ఐదుగురు నాలుగు రోజులుంటే 20 మనిషిరోజులు. నూనె 25 చొప్పున అర లీటరు, బియ్యం 200 గ్రాముల చొప్పున 4 కిలోలు. పిండివంటల నూనె ఇందులో లేదు, అది వేరే రాయండి. జనవరి, ఉగాది ముందు వచ్చే కొత్తమావాస్య, ఆవకాయ పెట్టే నెల, దసరా తర్వాత విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, ఈ నెలలకి సీసా కొలత ముందే పెంచి రాసుకోండి. మామూలు నెల లెక్కే పెట్టుకుని తప్పిందని బాధపడొద్దు.

సబ్బులు, పేస్ట్, షాంపూ, బట్టల పౌడర్ సరుకుల్లో కలపకండి, వేరే పద్దు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఒంటి సబ్బు, షాంపూ, టూత్‌పేస్ట్ మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. విడిగా రాస్తేనే మీ ఖర్చు తగ్గిందో లేదో తెలుస్తుంది.

పాలు కూడా వేరే. రోజుకి రెండు అర లీటరు ప్యాకెట్లంటే నెలకి 60, అది మారే అంకె కాదు.

వారం కూలి వచ్చే ఇళ్లకి నెల చీటీ కుదరదు. కూలి అందిన రోజే ముందు ఐదు కిలోల 700 గ్రాముల బియ్యం, 700 మిల్లీలీటర్ల నూనె, 700 గ్రాముల కందిపప్పు. తర్వాతే మిగతావి. కిలో లెక్కన బస్తా కన్నా ఎక్కువ పడుతుంది, కాబట్టి రెండు ఇళ్లు కలిసి బస్తా తీసుకుని పంచుకుంటే మేలు.

ఇక ఏడాది సరుకుకని విడగొట్టిన ఆ ఐదు వందలు. కొత్త చింతపండు, ఎండుమిర్చి మాఘ ఫాల్గుణాల నుంచి వస్తాయి. అప్పుడు ఏడాదికి సరిపడా కొంటే కిలో కిలో కొన్నదానికన్నా తక్కువ పడుతుంది, కానీ ఆ ఒక్క నెల బడ్జెట్ మీద పడకూడదు. అందుకే నెలకి ఐదు వందల చొప్పున ముందే పక్కన పెట్టడం. చింతపండు కొన్నాక గింజ, ఈనె తీసి, ఎండబెట్టి, ఉప్పు చల్లి జాడీలో అదిమి పెట్టండి. మిర్చి తొడిమలు తీయకుండా ఎండబెట్టి గాలి చొరని డబ్బాలో పెట్టండి, కారం మాత్రం రెండు నెలలకి సరిపడానే కొట్టించండి.