వరండాలో మిగిలిన బలం

అధ్యక్షుల వారికి, శివారు ఆయకట్టు రైతు సోదరులకు, అక్కలకు నమస్కారం. రాజనీతి తత్త్వం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు గానీ, నేను ఒక కప్పు టీ గురించి చెప్పక తప్పదు.

1933లో హిట్లర్ జర్మనీ నుంచి తప్పించుకుని బయటపడిన రాజనీతి చింతకురాలు హన్నా అరెంట్, 1970లో హింస మీద వెలువరించిన పుస్తకంలో, అధికారం ఏ ఒక్కరి సొత్తూ కాదనీ, కలిసి కదిలే జనానిదనీ, ఆ జనం కలిసి ఉన్నంతసేపే అది నిలుస్తుందనీ వాదించారు. తుపాకీతో సాధించేదాన్ని అధికారమని పిలవడానికి ఆమె ఒప్పుకోలేదు. కుర్చీని చూసి దండం పెట్టే అలవాటున్న మనకు ఇది వింతగానే తోస్తుంది. నాకు మాత్రం ఆ పుస్తకం కంటే ముందే అనుభవమైంది.

గొట్టా బ్యారేజీ దగ్గర బయలుదేరిన వంశధార ఎడమ కాలువ నీరు శివారుకు చేరేసరికి ఎంత మిగులుతుందో మీకు చెప్పనక్కరలేదు. ఒక ఏడాది వరి పొట్ట మీద ఉండగా మడులు నెర్రెలిస్తే, మా ఊరివాళ్లం రెండు ట్రాక్టర్లలో ఒక కార్యాలయానికి వెళ్లి వరండా నిండా కూర్చున్నాం. ఆడవాళ్లు ఎండిన దుబ్బులను వేళ్లతో సహా పెరికి తెచ్చి గుమ్మం ముందు పరిచారు. చదువుకున్నవాళ్లు ఒక్కరు లోపలికి రమ్మని కబురొచ్చింది. నేను వెళ్లాను. కూర్చోబెట్టారు, 'గారూ' అన్నారు, పింగాణీ కప్పులో టీ ఇచ్చారు. 'పరిశీలిస్తాం' అన్న మాట పట్టుకుని నేను బయటికి రాగానే అందరూ లేచి ట్రాక్టర్లెక్కారు. ఒక ముసలమ్మ మాత్రం నా మొహంలోకి చూసి, "లోపల టీ ఇచ్చారేటి బావూ?" అని అడిగింది.

నీళ్లు రాలేదు. ఆ టీ ఇచ్చినవారి మీద నాకిప్పుడు కోపం లేదు. బలమంతా వరండాలో కూర్చుని ఉండగా, దాన్ని నా చొక్కా జేబులో వేసుకుని లోపలికి వెళుతున్నానని భ్రమపడ్డవాణ్ణి నేను.

సోంపేట బీల అనే చిత్తడి భూముల్లో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దన్నవాళ్లు, 2010 జూలై 14 నాటి పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాక కూడా రిలే దీక్షా శిబిరాన్ని ఎందుకు ఎత్తలేదో ఈ దృష్టితో చూస్తే తెలుస్తుంది. వంతులవారీగా కూర్చునే శిబిరంలో లోపలికి పిలిచి టీ ఇవ్వడానికి ఒక్క మనిషంటూ దొరకడు.

ఇవాళ్టి తీర్మానంలో అయిదుగురు ప్రతినిధులు వెళ్లి వినతిపత్రం ఇస్తారని రాశారు. ఆ అయిదుగురిలో మొదటి పేరు నాది. అధ్యక్షా, ఆ వాక్యం మొత్తం కొట్టివేయండి. దాని స్థానంలో ఏ ఊరి నుంచి ఎన్ని ట్రాక్టర్లు వస్తాయో, డీజిల్ ఎవరు పోయిస్తారో ఈ సభలోనే అడిగి రాయించండి.